మోకాలి ఎత్తున పెట్టిన పటం

నా చిన్నప్పుడు బోధన్‌లో ఇంటికి పటం కొనడమంటే రెండుసార్లు కొనడమే. ముందు కాగితం మీద అచ్చేసిన బొమ్మను కొనాలి, తర్వాత దానికి ఫ్రేము కట్టించాలి. బొమ్మ చవక. కొయ్య, అద్దం, వెనక అట్ట, కూలి కలిపితే బొమ్మ ధరకు మూడింతలయ్యేది. అందుకే మా వాడకట్టులో చాలామంది బొమ్మలను గంజితో నేరుగా గోడకు అంటించేవారు. వానాకాలం రాగానే అవి చెమ్మ పట్టి ఊడివచ్చేవి. ఫ్రేము కట్టిన పటం ఉందంటే ఆ ఇల్లు కాస్త నిలదొక్కుకుందని అర్థం. దాన్ని ఎక్కడ పెట్టాలని ఎవరూ ఆలోచించేవారు కాదు. దూలానికి జానెడు కిందుగా, కొంచెం ముందుకు వంచి వేలాడదీసేవారు. చూడాలంటే నిలబడి మెడ ఎత్తాలి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు నిండి నాలుగు నెలలు. మృగశిర కార్తె వచ్చిన ఐదో రోజు పొద్దున మా అవ్వ, అంటే మా బాపు తల్లి, బర్రెల కొట్టంలో కాలు జారి పడింది. తుంటి దగ్గర ఎముక విరిగింది. విరిగిన ఎముకలకు కట్లు కట్టే పెద్దమనిషి ఒకాయన వచ్చి, ఆకు పసరు పెట్టి, వెదురు బద్దలతో బిగించి, నడిమింట్లో నేలకు జానెడు ఎత్తున్న చెక్కబల్ల మీద అవ్వను పడుకోబెట్టాడు. కుడి పక్కకు తిరిగే పడుకోవాలి, తాను విప్పేదాకా కదలకూడదు అన్నాడు.

అమ్మ పొద్దున్నే చెరకు పనికి పోయేది. పాలు పిండేవాళ్లు లేక పదిహేనో రోజున బాపు రెండు బర్రెలనూ అమ్మేశాడు. ఆ రోజు నుంచి అవ్వ అసలు మాట్లాడటమే మానేసింది. పిలిస్తే కళ్లు మూసుకునేది. జొన్న గటక పెడితే రెండు ముద్దలు తిని చెయ్యి అడ్డం పెట్టేది. నెల దాటాక కట్టు చూడటానికి వచ్చిన పెద్దమనిషి వాకిట్లో మా అమ్మతో, ఎముక తన పని తాను చేస్తున్నదని, మనిషే చేయడం లేదని, ఇట్లా తిండి మానితే దసరా దాకా నిలవదని చెప్పాడు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను.

ఏడ్వలేదు. ఏం చేయాలా అని ఆలోచించాను. అవ్వ కళ్ల ముందు సున్నం గోడ తప్ప ఏమీ లేదు. దానికి ఒక పటం పెడదామనుకున్నాను. ఎండాకాలంలో పసుపు కొమ్ములు ఏరినందుకు ఇచ్చిన మూడు రూపాయల పావలా నా దగ్గర ఉంది. అవ్వ ప్రతి ఏడూ కార్తీకంలో లింబాద్రి గుట్ట జాతరకు నడిచిపోయేది కాబట్టి నరసింహస్వామి బొమ్మే కొనాలని నిశ్చయించుకున్నాను. నూలు దారంతో ఆ గోడ పొడవు, ఎత్తు కొలిచి, దారానికి ముడులు వేసుకొని బజారుకు పోయాను.

బజారులో పటాలు కట్టే ముసలాయన ఒకాయన ఉండేవాడు. ఊరంతా ఆయనను పటాల చాచా అనేది. రేకుపెట్టెలో చుట్టలు చుట్టిన బొమ్మలు అమ్మేవాడు, ఫ్రేములూ తానే కట్టేవాడు. దేవుడి బొమ్మలను ఎప్పుడూ నేల మీద పరచడు, బల్ల మీదే విప్పుతాడు. నరసింహస్వామి బొమ్మ ముప్పావలా, ఫ్రేము రెండున్నర. అణాపైసలతో సహా నా దగ్గరున్న దానికి సరిపోయింది. ఇంక డబ్బు చేతిలో పెట్టబోతుంటే ఎవరి కోసమని అడిగాడు. చెప్పాను. గోడ కొలిచి తెచ్చానని గొప్పగా దారం కూడా చూపించాను.

ఆయన దారాన్ని రెండు చేతులతో పట్టుకొని ముడులన్నీ చూశాడు.

"గోడ కొలిచినవ్, మంచిదే. మీ అవ్వ కన్ను కొలిచినవా?"

కన్నును ఎట్లా కొలుస్తారని విసురుగా అడిగాను.

"ఇంటికి పోయి అవ్వ పక్కన పండు. నీ తల ఆమె తల కాడ వెట్టు. ఏం గనవడ్తదో సూసి రా. అందాక పైసలు నీ కాడనే ఉండనీ."

నాకు చాలా కోపం వచ్చింది. మా ఇంటి నుంచి ఆ దుకాణానికి ఆరువందల నలభై అడుగులు. నడుస్తూ లెక్కపెట్టడం నాకు అప్పటికే అలవాటు. ఆ అడుగులన్నీ వెనక్కి వేసి, ఇంట్లోకి పోయి, బల్ల పక్కన నేల మీద చాప మడిచి వేసుకొని, నా తల అవ్వ తలకు సమానంగా వచ్చేటట్టు పడుకున్నాను.

గోడ కనిపించలేదు. అంటే నేను కొలిచిన గోడ కనిపించలేదు. కుడి పక్కకు ఒత్తిగిలి పడుకున్న మనిషి మెడ ఎత్తలేదు. చూపు నేల నుంచి మూరెడు ఎత్తు దాకా పోయి ఆగిపోతుంది. అక్కడ చెమ్మకు సున్నం పొరలు లేచి రాలుతున్న ఒక పట్టీ ఉంది. నలభై రోజులుగా మా అవ్వ చూస్తున్నది ఆ పట్టీనే. దూలం కింద నేను బంగారు పటం పెట్టినా ఆమెకు అక్కరకు రాదు. తలుపు మా వెనక ఉంది, వెలుతురంతా తిన్నగా ఆ పట్టీ మీదే పడుతోంది. పక్కకు చూస్తే అవ్వ కళ్లు తెరిచి ఉంది. జానెడు దూరం నుంచి నన్ను చూసింది. నేను లేచి, నేల నుంచి ఆ మూరెడు ఎత్తుకు దారానికి కొత్త ముడి వేసుకున్నాను.

మళ్లీ దుకాణానికి పోయి చాచాకు ఉన్నదంతా చెప్పాను. ఆయన తల ఊపి, నరసింహస్వామి బొమ్మ వైపు చూపించాడు.

"దేవుణ్ణి మోకాలి కాడ వెడ్తవా బిడ్డా? మీ అవ్వ ఊకుంటదా?"

ఒప్పుకోవడం ఇష్టం లేక, పైనే పెడతాను, ఉన్నదని అవ్వకు తెలిస్తే చాలు అన్నాను.

"ఉన్నదని తెలుసుడు వేరు, కనవడుడు వేరు," అంటూ ఆయన ఆ బొమ్మను జాగ్రత్తగా చుట్టి పెట్టెలో పెట్టేశాడు.

తర్వాత ఆయన చేసిన పని నాకు ఇప్పటికీ నిన్న జరిగినట్టే ఉంది. నన్ను దుకాణం బల్ల మీద కుడి పక్కకు పడుకోమన్నాడు. అవ్వకు చూపు ఎంత ఆనుతుందని అడిగాడు. పడకముందు కూడా, తలుపు దగ్గర నిలబడితే మా అమ్మ ఎవరో పక్కింటి అక్క ఎవరో పోల్చుకునేది కాదని చెప్పాను. ఆయన అద్దాలు తుడిచే పల్చటి మల్లుగుడ్డ ఉతికింది ఒకటి తీసి, నా కళ్ల మీద ఒక మడత కట్టి, తలుపు దగ్గర తాను ఒకసారి, పక్క దుకాణంలోని దర్జీ అన్న ఒకసారి నిలబడ్డారు. ఇద్దరినీ గుర్తుపట్టాను. రెండు మడతలు వేశాడు. గడ్డం వల్ల ఆయనను పట్టేశాను. మూడో మడతతో ఇద్దరూ ఒక్కటే అయ్యారు.

"గిప్పుడు నీకు మీ అవ్వ కండ్లొచ్చినయ్," అన్నాడు.

ఎదురు గోడకు, కిందుగా, ఒక్కొక్క బొమ్మే ఆనించి చూపించాడు. మంచుకొండలు, చెరువు, హంసలు ఉన్న బొమ్మ కొనేవాళ్లకు అన్నిటికన్నా ఇష్టమైంది. గుడ్డలోంచి అది బూడిద నీళ్లలా కనిపించింది. పూలగుత్తి పట్టుకున్న పాప ఒక గులాబీ మరక. తోట, మేడ, గుర్రబ్బండి అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. పదకొండు బొమ్మలు చూశాను, ఒక్కటీ నిలబడలేదు. పన్నెండోది మాత్రం నిలబడింది. పసుప్పచ్చటి చేను, దాని ముందు నల్లటి బర్రె ఒకటి, పక్కకు తిరిగి. కొమ్ములు, వెన్ను, పొదుగు, అన్నీ తెలిశాయి.

నేను లేచి గుడ్డ విప్పేశాను. పశువులకు పెట్టే పల్లిచెక్క అమ్మేవాళ్లెవరో ప్రచారానికి అచ్చేయించిన బొమ్మ అది. అడుగున వాళ్ల మాటలున్న పట్టీ కూడా ఉంది. చాచాకు మా బర్రెల సంగతి తెలియదు. చెప్పాను. ఆయన చేతిలోని కాగితం అంచును బొటనవేలితో సర్దుతూ ఉండిపోయాడు.

"నేను గుడ్డ కట్టిన, గంతే. ఏరుకునుడు నీది."

తొమ్మిదేళ్ల పిల్లకు అది పెద్ద బరువు. ఆ బర్రెను చూసి అవ్వ మరింత కుంగిపోతే తప్పు నాదే. కానీ పన్నెండిటిలో ఆమెకు కనిపించేది అదొక్కటే. కనిపించని అందమైన బొమ్మను పెట్టి నేను మంచిపని చేశానని అనుకోవడం నాకు నచ్చలేదు. అదే కావాలన్నాను. వెలుతురు తిన్నగా పడితే అద్దం మెరిసి బొమ్మను మింగేస్తుందని చాచా అద్దం వద్దన్నాడు. అడుగు పట్టీ కొయ్య కింద దాగేటట్టు ఫ్రేము బిగించాడు. అంతా కలిపి రూపాయి ముప్పావలా అయింది.

మా అమ్మ చెరకు పని నుంచి వచ్చేసరికి నేను నూరే రాతి పొత్రంతో మేకు కొడుతున్నాను.

"దేవుని పటం తెస్తనన్నవ్ గదనే పోరీ. ఉన్న బర్రెల్ని అమ్ముకొని ముసలామె ఏడుస్తుంటే, బొమ్మబర్రెను తెస్తవా? గదీ, కుక్కకు అందేటట్టు గోడ కింద?"

అవ్వకు కనిపించేది అక్కడేనని చెప్పాను. అమ్మ నమ్మలేదు. నేను ఆమె చెయ్యి పట్టి లాగి చాప మీద పడుకోబెట్టాను. లేచాక అమ్మ ఆ మేకును తీయమనలేదు. పొత్రం నా చేతిలోంచి తీసుకొని ఇంకో రెండు దెబ్బలు వేసింది.

మొదటి రోజు అవ్వ పటం వైపు చూసి కళ్లు మూసుకుంది. రెండో రోజూ అంతే. ఆ రెండు రోజులూ నాకు అన్నం సహించలేదు. మూడో రోజు పొద్దున నేను గటక గిన్నె పెట్టి, లేవబోతుంటే వెనక నుంచి గొంతు వినిపించింది. చాలా రోజులు వాడని గొంతు, బొంగురుగా ఉంది.

"దాన్ని గంత ఎండల ఎవలు కట్టేసిండ్రే?"

ఎవరూ కట్టేయలేదు, బొమ్మ అన్నాను.

"బొమ్మయితే ఏంది? వేసినోనికి తెల్వదా? సూడి బర్రె అది. కడుపు సూస్తలేవా? ఏడో నెల. నీడకు కట్టాలె."

ఆ రోజు గటక సగం గిన్నె తిన్నది. తర్వాత ఆ బొమ్మ గీసినవాణ్ణి తిట్టని రోజు లేదు. కొమ్ము వంకర తిరగాల్సింది ఎడమకు కాదు, కుడికట. కాలి గిట్టలు పెరిగిపోయాయట, చూసుకునే ఇల్లు కాదట. మా బర్రెలను కొన్న వాళ్లు ఎట్లా చూస్తున్నారో కనుక్కొని రమ్మని బాపును పంపింది. పక్కింటి అక్క నవ్వితే, "నీకు బర్రెకు దున్నపోతుకు తేడా తెల్వదు, నువ్వు నవ్వుతవా?" అని నోరు మూయించింది. తిట్టడానికి ఓపిక కావాలి కాబట్టి తిండి పెరిగింది. అట్లా నేను లెక్కపెట్టుకున్నాను, రోజుకు ఎన్ని ముద్దలని.

కట్టు విప్పాక అవ్వను పటానికి ఎదురు గోడకు ఆనించి కూర్చోబెట్టారు. కూర్చున్న మనిషికి మూరెడు ఎత్తు పటం కిందైపోయింది. నేను మళ్లీ ఆమె పక్కన కూర్చొని, చూపు ఎక్కడ తగులుతుందో చూసి, రెండో మేకు కొట్టి పటాన్ని పైకి జరిపాను. ఆ వెంటనే మూడో మేకు కూడా కొట్టాను, అవ్వ నిలబడితే కళ్లు ఎక్కడికి వస్తాయో అక్కడ. అది ఉత్త మేకు.

"గదెందుకే?" అని అవ్వ అడిగింది.

నువ్వు లేచిన రోజుకు అన్నాను.

"మేకు గొట్టి పెట్టినవా, ఇగ లేవకపోతే ఊకోవన్నట్టు," అని అవ్వ గొణిగింది.

ఆ మేకు ఇరవై ఆరు రోజులు ఖాళీగా ఉంది. దసరా పోయిన నాలుగో రోజు, ఒక చెయ్యి నా భుజం మీద, ఇంకో చెయ్యి గుంజ మీద పెట్టి అవ్వ లేచింది. నేను నూటికి లెక్కపెట్టేదాకా నిలబడింది. మా అమ్మ పరుగున వచ్చి పటాన్ని పై మేకుకు తగిలించింది. ఆ తర్వాత అవ్వ చేతికర్రతో ఆరేళ్లు తిరిగింది.

నేను ఇప్పుడు నిజామాబాద్‌లో ఉంటున్నాను. బొమ్మలు మరీ చవకైపోయాయి. పిల్లలు ఫోనులో చూసి తెప్పించుకుంటారు, మూడో రోజుకు గుమ్మం ముందు ఉంటాయి. రంగు సోఫాకు నప్పిందా అని నన్ను అడుగుతారు. ఆ గదిలో ఎవరు కూర్చుంటారు, ఎక్కడ కూర్చుంటారు, వాళ్ల చూపు ఎంత అని నేను అడుగుతాను. బొమ్మ సైజుకు పాత పేపరు కత్తిరించి ఎనిమిది రోజులు గోడకు అంటించి చూడమంటాను. విసుక్కుంటారు. విసుక్కోనీ.

మొన్న ఎండాకాలంలో మా పై వాటాలోని ఎనిమిదేళ్ల పాప కాలు విరగ్గొట్టుకొని మంచాన పడింది. వాళ్లమ్మ ఒక బొమ్మ తెప్పించి, ఎక్కడ పెట్టాలో చెప్పమని నన్ను పిలిచింది. డెబ్బై మూడేళ్ల వయసులో నేను ఆ పాప పక్కన, తనలాగే వెల్లకిలా పడుకున్నాను. నన్ను మళ్లీ లేపడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. లేచి, సుత్తి అడిగి తీసుకొని, స్టూలు వేయించుకొని, బొమ్మను గోడకు కాదు, కప్పుకు పెట్టించాను.