వెనక సీట్లో అక్క

చిన్న కార్లలో కుదుపు తగ్గించడంలో మా వీధి మెకానిక్‌ది అందె వేసిన చెయ్యి. కొత్త షాక్ అబ్జార్బర్లు బిగించాక, భర్త పోయి తన పంచన చేరిన అక్కను వెనక సీట్లో కూర్చోబెట్టి గతుకుల్లో తిప్పేవాడు. నడుం నొప్పి మనిషి కనుక, ఆమె అరిస్తే పని ఇంకా మిగిలినట్టు.

"మా అక్క నడుమును మించిన మీటర్ లేదండీ!" అంటే కస్టమర్లు పడీ పడీ నవ్వేవారు.

ఒకసారి త్వరగా దిగిపోవాలని ఆమె నొప్పిని పళ్ల బిగువున ఆపుకుంది. కుదుపు తగ్గలేదంటూ మర్నాడే కారు తిరిగొచ్చింది.

"పరువు తీశావు కదక్కా," అని అతను స్ప్రింగులు కూడా మార్చి ఆమెను మళ్లీ ఎక్కించాడు. మొదటి గతుక్కే ఆమె కెవ్వుమంది.

"కొత్త స్ప్రింగులకు కూడా అరుస్తావా? నాటకాలు నా దగ్గరా!" అంటూ అతను అదే గతుకుల మీద ఇంకో రెండు చుట్లు తిప్పాడు.