స్టావ్రోస్ గారితో ద్వీపానికి ఎస్కార్ట్ డ్యూటీ

1999 సెప్టెంబరులో నన్ను ఎస్కార్ట్ డ్యూటీ మీద గ్రీసుకు పంపారు. అప్పటికి మెల్‌బోర్న్‌లోని ఒక వృద్ధాశ్రమంలో పదకొండేళ్లుగా రిజిస్టర్డ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఒంటరిగా ప్రయాణించలేని రోగి వెంట మందులు, రికార్డులు పట్టుకుని నర్సు వెళ్లడాన్ని ఎస్కార్ట్ డ్యూటీ అంటారు.

రోగి పేరు స్టావ్రోస్. డెబ్బై ఎనిమిదేళ్లు. ఒక గ్రీకు ద్వీపం నుంచి ఓడలో వచ్చి, కార్ల ఫ్యాక్టరీలో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. డిమెన్షియా వచ్చాక ముందు ఇంగ్లీషు మరచిపోయారు, గ్రీకు మాత్రం మిగిలింది. రోజూ ఇంటికి పోవాలనేవారు. ఇల్లంటే ద్వీపంలోని ఇల్లేనని ఆయన కూతురు ఎలెనీ అనుకుంది. డిసెంబరు దాటితే కంప్యూటర్లు ఆగిపోయి విమానాలు ఎగరవన్న భయం అప్పుడు చాలామందిలో ఉండేది. అందుకే ఆమె తొందరపడింది.

ప్రయాణానికి ముందు ఫిట్‌నెస్ ఫారం నింపేది నర్సు, దాని మీద డాక్టరు సంతకం చేస్తాడు. బీపీ, గుండె, నడక, మింగడం అన్నీ బాగున్నాయి. కొత్త చోట కలవరపడతారేమోనని నాకు అనుమానం ఉంది. రిమార్కుల గడిలో ఆ మాట రాయవచ్చు. ఎలెనీ ముఖం చూసి రాయలేదు.

ఆయన, ఎలెనీ, నేను ద్వీపంలో పడవ దిగేసరికి మధ్యాహ్నమైంది. రేవు పొడవునా హోటళ్లు, గొడుగులు, ఎండకు ఎర్రబడిన యాత్రికులు. ఆయన పుట్టిన ఇల్లున్న చోట ఒక హోటలు వాళ్ల ఈతకొలను ఉంది. ఆ సంగతి ఎలెనీకి ముందే తెలుసు.

"సముద్రం అదే కదా, సుశీలా," అంది.

ఆయన సముద్రం వైపు చూడనేలేదు. కూతురి చెయ్యి పట్టుకుని, ఇది ఏ ఊరు, ఇంటికెప్పుడు పోతాం అని అడుగుతూనే ఉన్నారట.

మరునాడు ఉదయం ఆయన చెల్లెలు మరియా కొండ మీది పల్లె నుంచి వచ్చింది. ఆమెకు డెబ్బై ఏళ్లు. నలభై ఆరేళ్ల తరవాత అన్నను చూస్తోంది. దగ్గరికి తీసుకోబోతే ఆయన వెనక్కి నెట్టి అరిచారు. ఎలెనీ ఏడుస్తూ ఆ మాటలు నాకు చెప్పింది.

"మరియాకి పన్నెండేళ్లేనట. ఈ ముసలామె ఎవరు, నా చెల్లెల్ని ఏం చేశారు అంటున్నారు."

చెల్లెల్ని వెతుక్కుంటూ ఆయన వీధిలోకి నడిచారు. తాగి ఉన్నాడనుకుని ఎవరో నవ్వారు. కూర్చోబెట్టాను, నీళ్లిచ్చాను, చెయ్యి పట్టుకున్నాను. గ్రీకులో ఒక్క ఓదార్పు మాటైనా నాకు రాదు. మిగతావన్నీ విఫలమైతేనే ఇవ్వవలసిన మత్తు మాత్ర ఒకటి ఉంటుంది. అది ఇచ్చి, చార్టులో టైము రాశాను. మరియా తను తెచ్చిన అంజూర పళ్ల సంచిని ఒళ్లో పెట్టుకుని హోటలు మెట్ల మీద చాలాసేపు కూర్చుంది.

మెల్‌బోర్న్‌లో ఉన్న మావారికి ఫోన్ చేశాను.

"టికెట్లు ప్రీపోన్ చేయించి వచ్చెయ్ సుశీలా," అన్నారు.

"ఫిట్ అని రాసింది నేనేనండీ."

"డాక్టరు కూడా సైన్ చేశాడుగా? నువ్వొక్కదానివే రెస్పాన్సిబుల్ ఎలా అవుతావు?"

ఫోన్ పెట్టేసి టికెట్లు మార్పించడానికి వెళ్లాను.

వారం ఉండాలనుకున్నవాళ్లం నాలుగో రోజునే బయలుదేరాం. మెల్‌బోర్న్ చేరాక స్టావ్రోస్ గారు తిండి తగ్గించారు. ఆపైన మంచం పట్టి, కొత్త సంవత్సరం రాకముందే పోయారు. జబ్బు సహజంగానే ముదిరిందని డాక్టరు రాశాడు. కావచ్చు. కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు, అవునని నమ్మడం చేతకాలేదు. ఎలెనీ సామాను తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు నాతో మాట్లాడలేదు.

ఇంటికి పోవాలని అడిగే రోగి మనసులో ఉన్నది ఏ కాలం నాటి ఇల్లో తెలుసుకోకుండా ప్రయాణానికి ఒప్పుకోకూడదని ఆ డ్యూటీలో నేర్చుకున్నాను. ఆ తరవాత రిటైరయ్యేదాకా ప్రతి కుటుంబానికీ ఈ మాట ముందే చెప్పాను. కొందరు మానుకున్నారు. ఎక్కువమంది వెళ్లారు.