కొక్కెం, డబ్బా, ఊరందరి ఫోన్ నంబర్లు

ఆ రోజుల్లో ఇంట్లో ఫోను ఉండటం ఒక గొప్ప, ఆ ఫోను నంబరు అచ్చులో కనబడటం అంతకన్నా గొప్ప. మెదక్‌లో సెల్లు చేతికొచ్చినవాళ్ళు అప్పటికి కొద్దిమందే. మిగతా ఇళ్ళలో ఫోను కుట్టుపని చేసిన గుడ్డ కప్పుకుని, కొత్త అల్లుడిలా బల్ల మీద కూర్చునేది. ఇప్పుడు నంబర్లు ఎవరూ రాసుకోరు, ఎవరికీ గుర్తుండవు, అయినా లోకం నడుస్తూనే ఉంది. నాకు మాత్రం ఆ అచ్చు నంబర్ల కాలం మీద బెంగ తీరలేదు. నా మొదటి ఉద్యోగం, నా మొదటి పరువు నష్టం, నా మొదటి స్నేహితురాలు (బడిలో టీచరు పక్కన కూర్చోబెడితే కుదిరిన స్నేహాలు లెక్కలోకి రావు) ఆ కాలంలోనే ఉండిపోయాయి మరి.

రాందాస్ చౌరస్తా దగ్గర, మెట్ల పక్క గదిలో మా సార్ డీటీపీ సెంటర్ నడిపేవాడు. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, తెలంగాణ సభలు మొదలయ్యాక వాటి పోస్టర్లు, అన్నీ నేనే కంపోజ్ చేసేదాన్ని. హవేలిఘనపూర్ నుంచి రోజూ బస్సులో వచ్చి, దిగి, దుపట్టా సర్దుకుని, కలెక్టరమ్మలా చౌరస్తా దాటేదాన్ని. ఆ దాటడం కోసమే బతికేదాన్నంటే నమ్మండి. ఆ ఉద్యోగం పోతే మళ్ళీ ఇంట్లో బర్రెలకు కుడితి కలపడమే.

ఇలా ఉండగా వర్తకుల సంఘం వాళ్ళు టెలిఫోన్ డైరెక్టరీ వెయ్యాలనుకున్నారు. పేరు, దుకాణం, వీధి, నంబరు, ఫొటో. వివరాలన్నీ పట్టికలా కట్టి ఫ్లాపీలో ఇచ్చారు. నాకు తెలిసిన పద్ధతి ఒకటే. ప్రతి పేరుకూ ముందో గుర్తు, వెనకో గుర్తు పెట్టాలి. ఇది పేరు, లావుగా రావాలి. ఇది వీధి, సన్నగా రావాలి అని ఆ గుర్తులే కంప్యూటర్‌కు చెబుతాయి. నేను చెప్పిందే జరుగుతుంది. చెప్పడం మరిచిపోతే అదీ జరుగుతుంది. సార్‌కు ఇది పాతకాలపు పనిలా తోచిందేమో, ఒక రోజు కిరాయి కంప్యూటర్‌తో పాటు ఒక అమ్మాయిని తీసుకొచ్చాడు. హైదరాబాద్‌లో కోర్సు చేసిందట, ఇక్కడ వాళ్ళ పెద్దమ్మ ఇంట్లో ఉంటుందట. డైరెక్టరీల కోసమే తయారైన సాఫ్ట్‌వేర్ కూడా కిరాయికి తెచ్చింది. ఒక మనిషికి సరిపడే డబ్బా తెరమీద గీస్తే చాలు, మిగతా ఊరినంతా అదే వరసగా డబ్బాల్లో కూర్చోబెడుతుంది. దానికి ఏమీ చెప్పనక్కర్లేదు. చెప్పినా వినదు.

"చెరి సగం చెయ్యుండ్రి," అన్నాడు సార్. "ఎవరిది మంచిగొస్తే వాళ్ళే ఉంటరు. ఇద్దరికి జీతమియ్యాలంటే నాతోని కాదు."

మొదటి రోజంతా మేం మాట్లాడుకోలేదు. రెండో రోజు ఆమె నా తెరలోకి తొంగిచూసి, "గివేంది, కొక్కేల లెక్కున్నయి?" అంది. నా గుర్తులు నిజంగానే బట్టలు తగిలించే కొక్కేల్లా ఉండేవి. "డబ్బాల కన్నా నయమే," అన్నాను. అంతే, ఆమె నాకు డబ్బా అయింది, నేను ఆమెకు కొక్కెమయ్యాను. మధ్యాహ్నం ఆమె చపాతీలు నేను తినేదాన్ని, నా జొన్నరొట్టె ఆమె లాక్కునేది. నేను గెలవాలని పట్టుదలగా ఉండేది, ఆమె పోకూడదనీ ఉండేది. ఈ రెండూ కుదరవని తెలిసేంత తెలివి అప్పుడు లేదు.

ప్రూఫులు చూడటానికి సంఘం పెద్దలు వచ్చారు. ముందు ఆమె సగం విప్పారు. మెరిసిపోతోంది. ఎరువుల సేటు మాత్రం తన డబ్బా మీద వేలు పెట్టి కదల్లేదు. ఆయన దుకాణం పేరులో వరసగా ముగ్గురు దేవుళ్ళున్నారు. దేవుళ్ళకే డబ్బా నిండిపోయి తక్కిన పేరు తెగిపోయింది.

"దేవుళ్ళను ఉంచినవ్ సరే, ఎరువులేడ పోయినయ్ బిడ్డా? నేనేమన్న గుడి నడుపుతున్ననా?"

నేను లోపల నవ్వుకుంటూ నా సగం అందించాను. కాలం చేసిన సభ్యుల ఫొటో చుట్టూ నల్లగీత వెయ్యాలని సంఘం వాళ్ళ కోరిక. పాపం ఒక బట్టల వ్యాపారి దగ్గర నల్లగీత మొదలుపెట్టే గుర్తు పెట్టాను, ఆపే గుర్తు పెట్టడం మరిచాను. అక్కడి నుంచి చివరి పేజీ దాకా మెదక్ వర్తకులందరూ నల్లగీతల్లోనే ఉన్నారు. కిరాణా పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని తన ఫొటో చాలాసేపు చూసుకున్నాడు.

"నేనెప్పుడు పోయిన బిడ్డా? మా ఇంట్ల ఒక్కరు గూడ చెప్పలె."

సార్ ముఖం చూడలేకపోయాను. పెద్దలు వెళ్ళగానే, "రేపు పొద్దటికి సాఫ్ చెయ్యకుంటే ఇద్దరు ఇంటికి పోండ్రి," అని ఆయన కూడా బయటికి పోయాడు. నాకు ఏడుపొచ్చింది. డబ్బా నా వైపు చూసి, "సచ్చినోళ్ళు నవ్వుతున్నరు సూడవే ఫొటోలల్ల," అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. తర్వాత కుర్చీలు దగ్గరికి జరుపుకున్నాం. వరస, ఫొటోలు ఆమె డబ్బాలకు అప్పజెప్పాం. పొడుగు పేర్లు ఎక్కడ విరగాలో, నల్లగీత ఎక్కడ ఆగాలో, చెప్పినా వినవనుకున్న ఆ డబ్బాల లోపల నా కొక్కేలు చూసుకున్నాయి. సేటుకు ఎరువులు తిరిగొచ్చాయి, పెద్దాయనకు ప్రాణం తిరిగొచ్చింది.

పొద్దున సార్ పేజీలు తిప్పి తిప్పి చూసి, "మంచిగుంది. ఎవరు చేసిన్రు?" అన్నాడు.

"ఆమెనే సార్," అన్నాం, ఇద్దరం ఒకేసారి, ఒకరినొకరు చూపించుకుంటూ.

"నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి," అని తల పట్టుకున్నాడు సార్. కాసేపటికి తీర్పు చెప్పాడు. "కంప్యూటర్‌కు కిరాయి, దాంట్ల సాఫ్ట్‌వేర్‌కు కిరాయి. కొక్కేలకు కిరాయి లేదు. నువ్వుండు బిడ్డా."

నేను గెలిచాను. అంత చప్పగా ఉండే గెలుపు మళ్ళీ ఎప్పుడూ రాలేదు. సాయంత్రం బస్టాండు దాకా వెళ్ళాను. హైదరాబాద్ బస్సు కిటికీలోంచి, "నేను ఫోన్ చేస్త తియ్యే కొక్కెం," అంది. మా సెంటర్ నంబరు ఆమెకు కంఠతా వచ్చు, డైరెక్టరీ వెనక అట్ట మీద వేసింది ఆమే కదా! రెండుసార్లు చేసింది కూడా. ఆ తర్వాత సార్ సెల్లు కొని ఆ లైను తీసేయించాడు. నేను వాళ్ళ పెద్దమ్మ ఇంటికి పోతే తాళం ఉంది. పెదనాన్నకు బదిలీ అయిందన్నారు.

ఆ డైరెక్టరీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులోని ఏ నంబరుకు చేసినా ఇవాళ ఎవరూ పలకరు. ఊరి వర్తకులందరి నంబర్లకూ ఒక్కొక్కదానికి గుర్తులు తగిలించిన పిల్లకు, పక్క కుర్చీలో కూర్చుని తన రొట్టె తినే మనిషి నంబరు అడగాలని మాత్రం తోచలేదు. పక్కనే ఉన్నవాళ్ళకు ఫోన్ ఎందుకు చేస్తామని అనుకున్నానేమో. ఇప్పుడు బస్సులో పరిచయమైనవాళ్ళను కూడా దిగేలోగా నంబరు అడుగుతాను. "ఏందమ్మా, మళ్ళ డైరెక్టరీ ఏస్తున్నవా?" అని మా అమ్మాయి ఎగతాళి చేస్తుంది. నేనూ నవ్వేసి, ఆ నంబరు రాసుకుంటాను.