నవమి నాడు కనకలక్ష్మి కుట్టు మిషన్

కనకలక్ష్మికి కోపం ముక్కు మీదే ఉంటుందని పామర్రులో అందరూ అంటారు. అనేవాళ్ళలో సగంమంది ఒంటి మీద ఆవిడ కుట్టిన జాకెట్లే ఉంటాయి. పాతికేళ్ళుగా బస్టాండు వెనక సందులో, ఇంటి వరండాలోనే కుడుతోంది. కత్తెర పట్టీ పట్టీ కుడిచేతి బొటనవేలి కీలు అరిగి, వేలు వంగడం మానేసింది.

కూతురు అక్షయ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతోంది. సెలవుల్లో ఆటల డబ్బా ఒకటి టీవీకి తగిలించి కార్ల పందెం ఆడుతుంటే చూసి ఆవిడకీ సరదా పుట్టింది. కానీ ఆ రిమోటు మీద బుడిపెల్ని బొటనవేళ్ళతోనే తిప్పాలి. వేలు తిరగలేదు, కారు వెళ్ళి గోడకు గుద్దుకుంది. "దీన్ని చేసినోళ్ళ అమ్మలకి వేళ్ళు నొప్పులు పుట్టవా ఏంటే?" అని రిమోటును మంచం మీదికి విసిరేసింది.

అక్షయ ఊరుకోలేదు. మిషన్ కింది చక్రానికి అయస్కాంతాలు అతికించి, పక్కన చిన్న సర్క్యూటు బిగించింది. తొక్కేకొద్దీ తెర మీద కారు వేగం పుంజుకుంటుంది. సూది తీసేసి అక్కడో చెక్కపలక పెట్టింది. గుడ్డ తిప్పినట్టు దాన్ని అరచేత్తో తిప్పితే కారు తిరుగుతుంది.

మొదట్లో కనకలక్ష్మి దడదడా తొక్కుకుంటూ పోయి ప్రతి మలుపులోనూ పల్టీ కొట్టింది. తన మీద తనకే ఒళ్ళు మండింది. చంక వంపు కుట్టేటప్పుడు ఎవరైనా అలా తొక్కుతారా? వంపు రాకముందే మడమ నొక్కి చక్రాన్ని బిగబట్టాలి. సగం దాటాక మునివేళ్ళతో వదలాలి. ఇది తట్టాక ఇక ఆవిణ్ణి ఎవరూ పట్టుకోలేకపోయారు. బెల్టు తీసేస్తే పైచక్రం బరువు తగ్గి కాలు తేలికపడుతుందని కూడా తనే కనిపెట్టింది. అక్షయ ఓడింది, అక్షయ క్లాసులో వాళ్ళంతా వరసగా ఓడారు.

విజయవాడలో ఈ ఆటకే పోటీ పెట్టారు, ఎవరి పరికరం వాళ్ళు తెచ్చుకోవచ్చన్నారు. అక్షయ తల్లి పేరిచ్చేసింది. ఇన్నేళ్ళూ ఊరందరి కొలతలూ తీసిన మనిషి, తన కాళ్ళకి ఏమొచ్చో ఒక్కసారి పరాయివాళ్ళ మధ్య తేల్చుకోవాలనుకుంది. పోటీ మాత్రం మహర్నవమి నాడు మధ్యాహ్నం పడింది.

ఆవిడ భర్త రామకోటేశ్వరరావుకి ఏడుగురు పట్టే బాడుగ కారుంది. నవమి పొద్దున్నే దాన్ని కడిగి బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు. తర్వాత మిషన్‌కీ బొట్లు పెట్టి, పెడలుకి ఎర్రదారం కట్టాడు.

"ఆయుధ పూజ. రేపటిదాకా దీన్ని తొక్కమాక కనకం."

"మరి కారో?"

"కారు వేరు. చల్లపల్లి వాళ్ళని బెజవాడ గుడికి తీసుకెళ్ళాలి." కాస్త ఆగి అన్నాడు, "అయినా ఈ వయసులో మిషన్ మోసుకెళ్ళి పిల్లకాయల మధ్య ఆటలేంటి? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

అదీ అసలు సంగతి. భక్తిని ముందు నిలబెట్టి పరువును వెనక దాచాడు. కనకలక్ష్మికి అరికాలి మంట నెత్తికెక్కింది గానీ పల్లెత్తు మాటనలేదు. అరిచే మనిషి అరవలేదంటే ఇంట్లోవాళ్ళు జాగ్రత్తపడాలి. ఆయన ఈల వేసుకుంటూ చల్లపల్లి వెళ్ళాడు.

పదిన్నరకి చల్లపల్లి దంపతులతో తిరిగొచ్చి కారు ఇంటి ముందే ఆపాడు. వాళ్ళలో ఆవిడ పేరు ఛాయాదేవి. ఎక్కడ కుట్టించుకుందో గానీ కొత్త జాకెట్టులో ఆవిడకి ఊపిరాడటం లేదు.

"కనకం, అమ్మగారికి పక్క కుట్లు కాస్త వదులు చేసి పెట్టు. అయిదు నిమిషాల పని."

అయినవాళ్ళకు ఆకుల్లో, కానివాళ్ళకు కంచాల్లో అంటే ఇదే. కనకలక్ష్మి ఛాయాదేవి వైపు తిరిగి చెప్పింది. "ఇవాళ మిషన్ తొక్కకూడదంటండి. మా ఆయనే దారం కట్టారు."

ఛాయాదేవి ఆయన వైపు చూసింది. ఆయన మెడ గోక్కున్నాడు.

"అమ్మవారి దర్శనానికి వెళ్ళేవాళ్ళ కోసమేగా. పర్లేదు, తొక్కు."

"కట్టింది మీరు. మీరే విప్పండి."

ఆయన నేల మీద గొంతుక్కూర్చుని, ముడి పడిన దారాన్ని గోళ్ళతో లాగి లాగి విప్పాడు. ఛాయాదేవి లోపలికెళ్ళి జాకెట్టు విప్పి ఇచ్చింది. కనకలక్ష్మి సూది పెట్టి, బెల్టు తగిలించి, రెండు పక్కలా కొత్త కుట్లు వేసి, పాతవి విప్పేసింది. ఛాయాదేవి దాన్ని తొడుక్కుని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటూ వచ్చి కారెక్కింది.

ఈలోగా తల్లీ కూతుళ్ళు మిషన్‌ని చెరో పక్కా పట్టుకుని కారు వెనక్కి తెచ్చారు.

"ఏంటిది? పూజ చెడదూ?" అన్నాడు రామకోటేశ్వరరావు.

"ఇందాకే మీ చేతుల్తో చెడగొట్టారు. మళ్ళీ చెడటానికి ఏం మిగిలింది?"

"కనకం, నలుగురూ చూస్తారే."

"చూడాలనే వెళ్తున్నా," అంది కనకలక్ష్మి. "డిక్కీ తియ్యండి. ఓ చెయ్యి కూడా వెయ్యండి, బరువుగా ఉంది."