అంచు కలిసే చోటు

గద్వాల చీరలో నూలుకు పట్టు అంచు కలిసే చోట గజాలా వేలికి ఏం దొరికేదో నాకిప్పటికీ తెలియదు. ఇరవై దాటిన పిల్ల. బస్టాండులో తల్లి సుల్తానాబీ గాజుల బండి పక్కన, ఎవరి మొహమూ చూడకుండా కూర్చునేది. హారన్ మోగితే చెవులు మూసుకునేది. అలాంటి చీర కనబడితే మాత్రం లేచి వెళ్లి ఆ కలిసే గీత మీద మెల్లగా వేలు నడిపేది. ఒకామె చెంప మీద కొట్టింది. అప్పటి నుంచి తల్లి, గజాలా చున్నీతోనే ఆమె చేతిని బండికి కట్టేసేది.

ఆ రోజు బండి వైపు ముడి జారింది. గజాలా వెళ్లి, బస్సు కోసం కూర్చున్న కిష్టమ్మ గద్వాల చీర కొంగు పట్టుకుంది. కిష్టమ్మది మగ్గాల ఇల్లు. సుల్తానాబీ పరుగెత్తుకొచ్చింది.

"కొట్టకమ్మా! ఆటిజమని కర్నూల్ల డాక్టరు చెప్పిండు. దీని మనసు తీరే వేరు. గది ముట్టుకుంటేనే దీనికి నిమ్మళం."

"కొట్టుడేందక్కా? మేం గూడ మగ్గం మీంచి చీర దించినంక, అంచు మంచిగ కలిసిందా అని గిట్లనే వేలు పెట్టి చూస్తం. మా ఆయనకైతే గింత ఓపిక లేదు!"

కిష్టమ్మ నవ్వుతూ కొంగంతా ఒడిలో పరిచింది. సుల్తానాబీ కళ్లు తుడుచుకుని, కూతురి మణికట్టున మిగిలిన ముడి విప్పి, చున్నీ ఆమె భుజాన వేసింది. గజాలా వేలు అంచు చివరిదాకా నడిచి ఆగింది. "పోతున్నవా బిడ్డా?" అని కిష్టమ్మ అడుగుతుండగానే గజాలా రెండు చేతులూ ఊపుకుంటూ ఇంటి దారి పట్టింది.