చార్జి తీసుకోని గ్రేసమ్మగారు

మొన్న పోస్టాఫీసులో ఎవరో పార్సిలుకు సీలు వేయడానికి లక్క కరిగిస్తున్నారు. ఆ ఘాటు వాసన తగలగానే గ్రేసమ్మగారు గుర్తొచ్చారు. పరీక్ష పేపర్ల కట్టలకు ఆవిడ స్వయంగా సీలు వేసేవారు, వేలు కాలినా అబ్బా అనేవారు కాదు. జగ్గయ్యపేటలో ఒక బడికి హెడ్మిస్ట్రెస్, డెబ్బైల చివర్లో మా తాలూకా హెడ్మాస్టర్ల సంఘానికి అధ్యక్షురాలు. కూలి కుటుంబంలోంచి చదువుకుని పైకొచ్చిన మనిషి. పొట్టిగా ఉండేవారు, గొంతు మాత్రం మునేరు అవతలికి వినిపించేది.

హెడ్మాస్టర్లకు సంఘమేమిటని అప్పట్లో అందరూ నవ్వారు. నందిగామలో పెట్టిన మొదటి సమావేశంలోనే ఒక పెద్దాయన లేచి, "మనం ఆఫీసర్లమండి, జెండాలు పట్టుకుంటే ఏం బాగుంటుంది?" అన్నారు.

"టీచర్లేమో మనల్ని ఆఫీసర్లంటారు, ఆఫీసర్లేమో టీచర్లంటారు. రెంటికీ చెడ్డ రేవళ్ళం కదండీ! మనకి మనమే కలవకపోతే ఎవరు కలుపుకుంటారు?" అన్నారావిడ. పెద్దాయన కూర్చున్నారు.

ఆ మాట విలువ నాకు త్వరలోనే తెలిసొచ్చింది. నేను మునేరు ఒడ్డున ఒక ఊళ్ళో హెడ్మాస్టర్ని. పత్తి తీతల రోజుల్లో మా బడి టీచరొకాయన కూలీల పిల్లల్ని చేలకు పోనివ్వకుండా బడికి తీసుకొచ్చేవాడు. మా బళ్ళను నడిపే పంచాయతీ సమితిలో పలుకుబడి ఉన్న ఊరి పెద్దకు అది కంట్లో నలుసైంది. "నువ్వు మనవాడివని ఇక్కడికి వేయించానయ్యా. ఆ టీచరు బడికి సరిగా రావట్లేదని ఒక్క ముక్క రాసిచ్చెయ్" అన్నాడు. "రోజూ వస్తున్నాడండి, ఎలా రాస్తా?" అన్నాను. వారం తిరక్కుండానే నన్ను జిల్లా ఆ చివరికి బదిలీ చేశారు. మా ఆవిడకేమో నెలలు నిండాయి.

మా ఉద్యోగంలో ఒక పద్ధతుంది. కొత్త హెడ్మాస్టరు వచ్చి తాళాలూ రిజిస్టర్లూ అందుకుని, చార్జి తీసుకున్నట్టు సంతకం పెడితేనే పాతవాడు కదలాలి. గ్రేసమ్మగారు దాన్నే పట్టుకుని, నా దగ్గర ఎవరూ చార్జి తీసుకోవద్దని సంఘంలో అందరికీ చెప్పారు. నా స్థానంలో వేసినాయన వచ్చాడు, మజ్జిగ తాగాడు, క్షేమసమాచారాలడిగాడు, సంతకం పెట్టకుండా బస్సెక్కాడు. దాంతో పైవాళ్ళకు ఒళ్ళు మండి, ఈసారి ఏకంగా గ్రేసమ్మగారినే వేశారు.

ఆవిడొచ్చి పిల్లల బెంచీ మీద కూర్చున్నారు. ఊరి పెద్ద గుమ్మంలోనే నిలబడి, "సంతకం పెట్టేయండమ్మా, మీకెందుకీ గొడవ?" అన్నాడు.

"అబద్ధం రాయనన్నందుకు ఒకర్ని లేపిన కుర్చీలో నేను కూర్చోనండి."

"ఉద్యోగం పోద్ది."

"పోతే మిరపకాయలు కోసుకుంటా. మా అమ్మ నేర్పిన పనే."

ఆవిడను సస్పెండ్ చేశారు. నేను గుండెలు బాదుకుంటూ జగ్గయ్యపేట పరుగెత్తాను. "నా వల్లే కదా మేడమ్‌గారూ ఇదంతా" అన్నాను.

"నీ వల్లేంటి అబ్బాయ్, చేసింది నేను. అందులో నీకు వాటా ఇవ్వను" అన్నారు నవ్వుతూ. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

తాలూకాలోని హెడ్మాస్టర్లందరూ, జెండాలొద్దన్న ఆ పెద్దాయనతో సహా, సమితి ఆఫీసు ముందు ఎండలో కూర్చున్నారు. మొదట నా బదిలీ రద్దయింది. చాలా నెలలకు గానీ ఆవిడ సస్పెన్షన్ ఎత్తెయ్యలేదు.

ఎనభైల్లో నాకూ అలాంటి ఆర్డరొకటి వచ్చింది. వేదాద్రి వైపు ఒక హెడ్మాస్టర్ని కక్షకట్టి కదిలించి, ఆ కుర్చీలో నన్ను వేశారు. వెళ్ళాను. ఆయన తాళాలు నా ముందు పెట్టాడు. నాకూ భయమేసింది, అబద్ధమెందుకు! ఆ తాళాలు తిరిగి ఆయన జేబులోనే వేసి, "గంట కొట్టించండి మాస్టారూ, పిల్లలు చూస్తున్నారు" అన్నాను.