కోయని వరుస

మధ్యాహ్నం మిల్లు సంగు, అదే సైరన్, ఊదేసరికి మా పెద్దమ్మ అన్నం తిని, చేతులు తుడుచుకుని, నా పాత టాబ్ ఒళ్ళో పెట్టుకుని పొలానికి బయలుదేరేది. బయలుదేరడం అంటే ముందు గదిలో ఊయల బల్ల మీద కూర్చోవడమే. కాలి బొటనవేలితో నేలను ఒకసారి నెడితే బల్ల మెల్లగా ఊగేది, తెర మీద పచ్చటి చేను వెలిగేది. కిటికీలోంచి పడమటి కొండ కనిపించేది. దాని మీద మబ్బు దిగిందంటే ఇక గదిలో ఉన్న వెలుగంతా ఆ టాబ్‌దే. తమిళం కలిసిన తెలుగు మాట్లాడే మా రాజపాళయంలో ఆ వేళకు వీధి కునుకు తీస్తుంది. నేను గోడకు ఆనుకుని, నోట్‌బుక్ పట్టుకుని, ఆవిడనే చూస్తూ ఉండేదాన్ని.

అలా చూడటమే నా పని. నేను వీడియో గేమ్‌ల మీద పరిశోధన చేస్తున్నాను. మొదట ఈ సంగతి చెప్పినప్పుడు పెద్దమ్మ చాలాసేపు నా ముఖంలోకి చూసి, "ఆడుకొనేదానికి డాక్టర్ పట్టం ఇస్తారా? ముందే తెలిసుంటే నిన్ను అన్ని దెబ్బలు కొట్టుండను గదా" అంది. అమ్మ ఉద్యోగానికి పోతే నన్ను పెంచింది ఆవిడే కాబట్టి కొట్టే హక్కు కూడా ఆవిడకే ఉండేది.

పెద్ద వయసులో మొదటిసారి ఆట పట్టుకున్నవాళ్ళు దాని నియమాలను ఎలా నేర్చుకుంటారన్నది నా విషయం. కొందరిని కూర్చోబెట్టి ఆడించాను. అందరూ కాస్త అటూ ఇటూగా నేను అనుకున్నట్టే నేర్చుకున్నారు, పెద్దమ్మ తప్ప. ఒక అధ్యాయమంతా ఆవిడ మీదే రాయాలి. అది తేలకపోతే నా పరిశోధన గ్రంథం ఎక్కడిదక్కడే ఆగిపోతుంది.

ఆట చాలా సులువు. చేనులో పదిహేను వరుసలు. విత్తాలి, నీళ్ళు పెట్టాలి, మూడు రోజుల్లో పండుతుంది, వేలితో అలా జరిపితే కోత అయిపోతుంది. పదిహేనూ కోస్తే ఒక చుక్క మెరుస్తుంది, పక్క చేను తెరుచుకుంటుంది. పెద్దమ్మ పద్నాలుగు వరుసలు కోసేది. వెంటనే టాబ్ మూసేసేది. ఆ పూట మళ్ళీ తెరిచేది కాదు. పదిహేనో వరుస వాడి, గోధుమరంగుకు తిరిగి, రాలిపోయేది. రెండు నెలలైనా ఆవిడ మొదటి చేనులోనే ఉంది. నేను నోట్‌బుక్‌లో ఇలా రాసుకున్నాను: "ఆఖరి వరుస మరిచిపోతోంది. ఓపిక చాలక ఆట ఆపేస్తోంది." మా గైడ్ పక్కన పెన్సిలుతో, చూపు సమస్యేమో కనుక్కోమని రాశారు. కళ్ళ డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళాను. ఆయన దీపాలన్నీ వేసి చూసి, సూదిలో దారం ఎక్కించేంత చూపు ఉందన్నాడు. దారి పొడుగునా పెద్దమ్మ నన్ను ఎగతాళి చేస్తూనే వచ్చింది.

నా సంగతీ చెప్పాలి. చిన్నప్పుడు టీవీకి తగిలించుకునే గేమ్ ఒకటి మా ఇంట్లో ఉండేది. కొండలు దూకుతూ పండ్లు ఏరుకుంటూ పోయే ఆట. మా వీధి పిల్లలంతా గమ్యం చేరితే చాలనుకునేవాళ్ళు. నాకు అలా కాదు. ఏ అంచు మీదో ఒక్క పండు మిగిలినా వెనక్కి పోయేదాన్ని, పడి చచ్చేదాన్ని, మళ్ళీ పోయేదాన్ని. ఎండాకాలం సెలవులన్నీ ఆ నీలం తెరలోనే కరిగిపోయాయి. ఇప్పుడు తలుచుకుంటే అవి నేను ఆడినవో, కలలో చూసినవో చెప్పలేను. ఇప్పటికీ ఏ ఆటలోనైనా ఒక్కటి వదిలేస్తే నాకు అన్నం సయించదు.

ఒక శుక్రవారం పెద్దమ్మ తలస్నానానికి వెళ్ళింది. బల్ల మీద టాబ్ గంట కొట్టింది. పంట వాడుతోందని ఆట అలా పిలుస్తుంది. తెరిచి చూశాను. పద్నాలుగు వరుసలు బోడిగా ఉన్నాయి, పదిహేనోది మాత్రం బంగారు రంగులో తల వాల్చి నిలబడి ఉంది. నా వేలు నన్ను అడగలేదు. చుక్క మెరిసింది, సన్నాయి మోగింది, పక్కనే వాగుతో సహా కొత్త చేను తెరుచుకుంది. పెద్దమ్మకు గొప్ప ఉపకారం చేశానని మురిసిపోయాను.

ఆవిడ తల తుడుచుకుంటూ వచ్చి టాబ్ చూసింది. ఊగుతున్న బల్లను కాలితో ఆపింది.

"కడసి వరుస ఎవరు కోసినారు?"

"నేనే పెద్దమ్మా. నువ్వు మరిచిపోయినావు అనుకొన్నాను."

"నేను మరవలేదే. అది నాది కాదు."

టాబ్‌ను బోర్లా పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. నాతో మాట్లాడిందంతా అన్నం తిన్నావా, నీళ్ళు కావాలా అనే. నాకు భయం పట్టుకుంది. ముందు నా అధ్యాయం గురించి భయపడ్డాను, ఆ తర్వాతే ఆవిడ గురించి. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం.

మూడో రోజు పొద్దున సాంబారుకు చిన్న ఉల్లిపాయలు వలుస్తూ తనే మొదలుపెట్టింది.

"మంసాపురం దగ్గర మన చేన్లో కోత అయితే కడసి వరుస అట్లనే వదిలిపెడతా ఉంటిమి, పరిగ ఏరుకొని బతికే లేనివాళ్ళకి. మీ తాత కాలంనుంచి అదే వాడిక. ఒక ఏడు వాన లేదు. పంట సగం కూడా రాలేదు. నేనే చెప్పినాను, అంతా కోసేయండి అని. మరు దినం ఒక ఆమె వచ్చింది. ఏటేటా వచ్చే ఆమెనే. గట్టుమీద నిలుచుకొని సుమ్మా, ఊరికే చూసింది. ఒట్టి గంప చంకలో పెట్టుకొని పోయింది. నన్ను ఒక్క మాట అనలేదు."

"అప్పురం? తరవాత?"

"అప్పురం ఏముంది? మరు ఏడే చేను అమ్మేసినాము. వదిలేదానికి నాకు వరుస ఎక్కడుంది?"

నేను ఉల్లిపాయల మీద నెపం పెట్టి ఏడ్చాను. ఆవిడకు తెలిసిపోయింది, ఉల్లిపాయల గిన్నె తన వైపుకు జరుపుకుంది.

ఆట ఆడేవాళ్ళు ఏమేం చేశారో చెప్పడానికి మా చదువులో బోలెడు దారులున్నాయి. ప్రతి తాకుడుకూ ఒక గుర్తు మిగులుతుంది, దాన్ని పట్టుకుని పేజీలు నింపుతాం. కావాలని వదిలేసినదానికి ఏ గుర్తూ ఉండదు. అందుకే నేను దాన్ని మరుపు అని రాశాను. ఆ ఆట చేసినవాళ్ళు చేనులో సీతాకోకచిలుకల్ని పెట్టారు, మొరగని కుక్కను పెట్టారు, కదిలే మబ్బుల్ని కూడా పెట్టారు. అక్కడ కోతలో గింజ రాలదు. కోత అయ్యాక వచ్చే మనిషిని వాళ్ళు గీయలేదు. అయినా పెద్దమ్మ రెండు నెలలుగా ఆ మనిషి వాటా నిలబెడుతూనే ఉంది. నేను ఒక్క వేలితో దాన్ని తుడిచేశాను.

ఆ మధ్యాహ్నం సంగు ఊదాక టాబ్ నేనే తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాను. వాగున్న కొత్త చేను వైపు ఆవిడ కన్నెత్తి కూడా చూడలేదు. పాత చేనులోనే మళ్ళీ విత్తింది. పదిహేనో వరుస మాత్రం, "నువ్వు వెయ్యి" అని నాతో వేయించింది. మూడు రోజులు కొండ మీద మబ్బు కదలలేదు. సన్నగా తుంపర పడుతూనే ఉంది. బయటి వాన ఏదో, టాబ్‌లోని వాన ఏదో తెలియనంత మత్తుగా ఆ రోజులు గడిచాయి.

పంట పండింది. పద్నాలుగు వరుసలు కోసి పెద్దమ్మ టాబ్ మూసేసింది. నాకు ఉండబట్టలేదు.

"పెద్దమ్మా, దాంట్లో ఎవరూ రారు. అట్ల చేయలేదు దాన్ని."

"తెలుసు పాపా," అంది. బల్లను కాలితో మెల్లగా నెట్టింది.

కాసేపటికి టాబ్ గంట కొట్టింది. వరుస వాడుతోందని పిలుస్తోంది. అలవాటుగా నా చెయ్యి ముందుకు పోయింది. పెద్దమ్మ తన అరచెయ్యి టాబ్ మీద పెట్టింది.

"తెరవొద్దు. మనం నిలుచుకొని చూస్తా ఉంటే వాళ్ళు చేన్లోకి దిగరు. సిగ్గుపడతారు."

నేను నోట్‌బుక్ కూడా మూసేశాను. ఇద్దరం టాబ్‌ను బల్ల మీదే వదిలేసి, దానికి వీపు పెట్టి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాం.